సంజాయిషీ రాయని అనసూయమ్మ

ఫిల్మ్‌నగర్‌లో సినిమా దుస్తులు కుట్టే అనసూయమ్మ ముందు ఆ ఆదివారం క్లబ్బు సమావేశంలో రెండే దారులున్నాయి: చేయని తప్పు ఒప్పుకొని సంతకం పెట్టడం, లేదా రిపీటర్ గది తాళం అప్పగించి వెళ్లిపోవడం.

జూబ్లీ హిల్స్‌లో ఒక మేడమీద అమెచ్యూర్ రేడియో క్లబ్బు నిలిపిన రిపీటర్ అది. చేతి సెట్లో పలికిన మాటను అందుకొని, ఇంటర్‌నెట్ మీదుగా వేరే ఊళ్ల రిపీటర్లకు పంపుతుంది. ఎవరి కాల్‌సైన్, అంటే లైసెన్సుతో వచ్చే గుర్తింపు అక్షరాలు, కొడితే వారి దగ్గరికే పిలుపు చేరుతుంది. షూటింగుల్లో వాకీటాకీ పట్టి, పరీక్ష రెండోసారి రాసి లైసెన్సు తెచ్చుకున్న అనసూయమ్మ బోరబండ నుంచి వచ్చి మూడేళ్లుగా దాన్ని చూసుకుంటోంది. అది 2012. ఆ క్లబ్బులో మిగతావాళ్లందరూ సాఫ్ట్‌వేరు కొలువులవాళ్లే.

అంతకుముందు వారం, వరదొస్తే కబుర్లు ఎలా అందించాలో చూసే కసరత్తు జరిగింది. రిపీటర్ దగ్గర నుంచి అనసూయమ్మ ఒక్కొక్కరినీ పిలవాలి. బంజారా హిల్స్‌లో సెట్టు పట్టుకొని కూర్చున్న అధ్యక్షుడు వరప్రసాద్‌కు నలభై నిమిషాలు ఒక్క పిలుపూ అందలేదు. అనసూయమ్మ పిలవనే లేదని ఆయన తేల్చాడు. విచారణ లేదు, సాక్ష్యం లేదు. క్షమాపణ పత్రం మాత్రం ఇంగ్లీషులో టైపై వచ్చింది.

"ఒక్క సంతకమేనండీ! దీనికింత సీనెందుకు?" అన్నాడు వరప్రసాద్.

"సీను మీరే తీసిండ్రు సారూ. నా డైలాగు గూడ నన్ను చెప్పనియ్యరా?"

ఎవరో నవ్వారు. ఆమె నవ్వలేదు.

"కసరత్తుకు ముందురోజు యాడున్నరు?"

"విజయవాడలో, పెళ్లికెళ్లా. దానికీ దీనికీ ఏంటి సంబంధం?"

"గాడ సెట్ల మాట్లాడిండ్రా?"

"ఓసారి టెస్ట్ చేశా."

"మరి గీడికొచ్చినంక బటన్ నొక్కిండ్రా?"

"నేనెందుకు నొక్కాలి? పిలవాల్సింది మీరు. వింటూ కూర్చున్నా."

సెక్రటరీ రష్మి తలెత్తింది. ఈ రిపీటర్ల ఏర్పాటుకు కళ్లు లేవు. మనిషి ఎక్కడ చివరిసారి బటన్ నొక్కి మాట్లాడితే అక్కడే ఉన్నాడని నమ్ముతుంది. ఊరు మారినవాడు ఒక్కసారి నొక్కకపోతే, అతని పిలుపులు పాత ఊరికే పోతాయి. రష్మి ల్యాప్‌టాప్‌లో ఆ రోజు రిపీటర్ నమోదు చేసిన పిలుపుల చిట్టా తెరిచి, వరప్రసాద్‌కు అనసూయమ్మ చేసినవి చదివింది: పది ఐదుకు, పది పన్నెండుకు, పది ఇరవైకి, పది ముప్పై ఒకటికి. నాలుగు పిలుపులు. నాలుగూ విజయవాడకే.

వరప్రసాద్ క్షమాపణ పత్రం వైపు చేయి చాచాడు.

"సరేలెండి, అయిందేదో అయింది. ఆ కాగితం చింపేద్దాం," అన్నాడు వరప్రసాద్.

అనసూయమ్మ కాగితం మీద అరచేయి ఆనించింది. "చింపుడు లేదు. నలుగుర్ల నింద వేసి, చాటుకు చింపుతరా? రష్మీ, ఇది మినిట్స్‌ల ఎక్కియ్యి బిడ్డా. నాలుగు టైములు గూడ."

రష్మి ఎక్కించింది. రిపీటర్ బాధ్యత అనసూయమ్మదేనన్న వాక్యం కూడా, ఎవరినీ అడగకుండా.

"ఇంకేం కావాలండీ మీకు?" అన్నాడు వరప్రసాద్.

"సంజాయిషీ. కిందనే జాగా ఉంది, రాయుండ్రి."

వరప్రసాద్ కలం తీశాడు. మొదటి పదం ఇంగ్లీషులో పడింది.

"తెలుగుల, సారూ," అంది అనసూయమ్మ. "నన్నడగకుంట రాసినప్పుడు ఇంగ్లీషు నడిచింది. ఇప్పుడు నా ముంగట రాస్తున్నరు."

ఆయన ఆ పదం కొట్టేశాడు.