గోడకుర్చీలో ప్రపంచ రికార్డు

మేం బడికి పోయే రోజుల్లో శిక్షల్లో కూడా చిన్నా పెద్దా ఉండేవి. బెంచీ ఎక్కించడం చిన్నది, ఎండలో మోకాళ్ల మీద నిలబెట్టడం మధ్యరకం, గోడకుర్చీ అన్నిటికంటే పెద్దది. ఇప్పటి పిల్లలకు ఆ మాట చెబితే ఫర్నిచర్ షాపులో దొరికే వస్తువనుకుంటారు. వీపు గోడకు ఆనించి, మోకాళ్లు వంచి, కింద కుర్చీ ఉన్నట్టే కూర్చోవాలి. కుర్చీ మాత్రం ఉండదు. వినడానికి సులువే గానీ, రెండు నిమిషాలు దాటితే తొడల్లో ఎవరో నిప్పులు పోసినట్టుంటుంది. తొంభైల్లో పెనుకొండలో నేను ఎనిమిది నుంచి పది దాకా చదివిన మూడేళ్లూ, లెక్కల పీరియడ్‌లో బెంచీ మీద కూర్చున్నదానికంటే గోడకు కూర్చున్నదే ఎక్కువ. మా లెక్కల సారు బెత్తం ముట్టేవాడు కాదు. పిల్లల్ని కొట్టేకి తనకు చేయి రాదనేవాడు. (ఆయనకు చేయి రాలేదు, మాకు కాళ్లు పోయినాయి.) అందుకే ఆయనకు మేం గోడసారు అని పేరు పెట్టుకున్నాం.

పదో తరగతి లెక్కలు రెండో దెబ్బకు గట్టెక్కి, ఇంటర్ ఎట్లాగో ముగించి, రెండువేల సంవత్సరం దాటిన కొత్తల్లో హిందూపురంలో ఒక చిన్న కంపెనీలో స్టోర్స్ గుమాస్తాగా చేరాను. నాకు వంట చేసి పెట్టేకి మా అవ్వ ఊరు వదిలి నాతోపాటు వచ్చింది. మా గదికి పక్కనే ఒక టైలర్ కుర్రాడి షాపు. నా ఈడువాడే. మిషన్ తొక్కుతూనే లోకంలో వార్తలన్నీ చెప్పేవాడు, అందులో సగం నిజం ఉండేది. ఒక సాయంత్రం వాడి షాపులో కూర్చుని మిరపకాయ బజ్జీలు తింటూంటే, పొట్లం కట్టిన పేపర్ ముక్కలో ఒక ఫోటో కనబడింది. ఒక విదేశీయుడు నిక్కరు వేసుకుని గోడకు ఆనుకుని కూర్చున్నాడు. అచ్చం మా గోడకుర్చీ. కింద వార్త చదివితే నాకు నోట్లో బజ్జీ గొంతు దిగలేదు. అట్లా కూర్చోవడంలో ఆయనకు ప్రపంచ రికార్డట. దాన్ని దాటేందుకు ఇంకో దేశంలో ఇంకొకాయన సిద్ధమవుతున్నాడట. ఎంతసేపు కూర్చున్నాడో ఒక అంకె ఉంది. (పది దాటిన అంకె అని మాత్రం చెబుతాను, అంతకంటే అడగొద్దండి.) సరిగ్గా ఆ అంకె తర్వాత పేపర్ చినిగిపోయింది.

నిమిషాలు తప్ప ఇంకేముంటాయి అనుకున్నాను. టైలర్ కూడా అదే అన్నాడు. కుర్చీల్లో కూర్చుని తిని, కుర్చీల్లో కూర్చుని చదివిన దేశాలవాళ్లకు తొడల్లో బలం ఎక్కడిది, ఆమాత్రం కూర్చున్నదే గొప్ప అని ఇద్దరం తేల్చుకున్నాం. నేనేమో పదమూడేళ్ల వయసు నుంచి సర్కారు బడిలో తర్ఫీదు పొందినవాణ్ణి. నా జన్మలో నాకు బాగా వచ్చిన పని ఇదొక్కటే, దీనికి ప్రపంచంలో పోటీ ఉందని ఎవరూ చెప్పనందుకు కోపం కూడా వచ్చింది. అప్పటిదాకా నేను పేపర్లో పడే అవకాశం రెండే రకాలుగా ఉండేది, తప్పిపోవడం, లేదా పరీక్షా ఫలితాల్లో నంబరు. రెండోది ఒకసారి చూసుకున్నాను కూడా, అదీ ఆలస్యంగా.

ఆ మరుసటి దినం నుంచి మూడు నెలలు తెల్లవారి లేచీ, సాయంత్రం డ్యూటీ దిగీ గోడకు కూర్చున్నాను. బడిలో మేం సారు చూడనప్పుడు పిరుదులు కాస్త పైకి జరిపి మోసం చేసేవాళ్లం. ఇప్పుడు అట్లా కుదరదని టైలర్ తన టేపుతో కొలిచి, తొడలు నేలకు సమంగా ఉండాలని గోడ మీద సుద్దతో గీత గీశాడు. మొదటి వారం మెట్లు దిగేటప్పుడు గోడ పట్టుకుని దిగాను. అవ్వ నాలుగు రోజులు ఊరకే చూసి, అయిదో రోజు అడిగేసింది. "ఏమిరా నాయనా, ఒక కుర్చీ తెచ్చుకునేకి గూడా దుడ్లు లేవా మనకు?" ఇది కుర్చీ లేకుండా కూర్చునే పోటీ అని వివరించాను. ఆమె చాలాసేపు ఆలోచించి, గెలిస్తే కుర్చీ ఇస్తారేమో కనుక్కోమనింది.

మూడో నెలకి పేపర్లో అంకెకు దగ్గరగా వచ్చాను. ఇక సాక్షి కావాలి. ఊరికే ఎవరో ఒకరు చూశారంటే చెల్లదు, పెద్ద ఉద్యోగం చేసి రిటైరైన మనిషి సంతకం ఉండాలని టైలర్ చెప్పాడు. (ఇది వాడి వార్తల్లో ఏ సగమో నాకు తెలీదు.) నాకు వెంటనే గోడసారే గుర్తొచ్చాడు. హెడ్మాస్టరుగా రిటైరై ధర్మవరంలో ఇల్లు కట్టుకున్నాడని విన్నాను. నిజం చెప్పాలంటే సంతకం ఒక్కటే కాదు నా ఉద్దేశం. ఏ గోడకు నన్ను మూడేళ్లు అంటగట్టాడో, ఆ గోడ నన్ను ఎంతవాణ్ణి చేసిందో ఆయన కళ్లతో చూడాలని.

ఆదివారం పొద్దున్నే ప్యాసింజర్ ఎక్కి ఇద్దరం ధర్మవరంలో దిగాం. సారు నన్ను గుర్తుపట్టాడు. ముఖం చూసి కాదు, నేను గుమ్మంలో గోడకు ఆనుకుని నిలబడిన తీరు చూసి అని తర్వాత చెప్పాడు. తల నెరిసింది, మనిషి సన్నబడ్డాడు. విషయం చెబితే మొదట ఎగతాళి చేయడానికి వచ్చామనుకున్నాడు. టైలర్ పేపర్ ముక్క చూపించాక కళ్లద్దాలు పెట్టుకుని రెండుసార్లు చదివి, ముందు గదిలో కుర్చీ వేసుకుని నాకు ఎదురుగా కూర్చున్నాడు. పక్కింటి మగ్గం టకటకలాడుతోంది. నేను గోడకు ఆనుకుని కిందికి జారాను. టైలర్ తన ఎలక్ట్రానిక్ వాచీ నొక్కాడు.

మొదటి అయిదు నిమిషాలు నేను నవ్వుతూనే ఉన్నాను. ఎనిమిది దాటాక నవ్వు ఎక్కడికో పోయింది. చెమట కళ్లలోకి దిగుతోంది, మోకాళ్లు మగ్గంతో పోటీ పడి కొట్టుకుంటున్నాయి. చివరికి, ఇంక ఒక్క నిమిషమే ఉందని టైలర్ వేలు చూపించాడు. సారు మాత్రం వాచీ వైపు చూడటంలేదు. నా కాళ్ల వైపే చూస్తున్నాడు. ఉన్నట్టుండి మెల్లగా అన్నాడు.

"చాల్లేరా. పోయి కూర్చో."

బడిలో శిక్ష ముగిసిందని చెప్పేకి ఆయన ఎప్పుడూ అనే మాట అది. నా చెవికి అది అందేలోపే కాళ్లకు అందింది. నేను లేచి నిలబడ్డాను. లేచి, రెండడుగులు నడిచి, బెంచీ కోసం వెతుక్కుంటూండగా ఏం జరిగిందో అర్థమైంది. టైలర్ వాచీని చూసి, నన్ను చూసి, తల పట్టుకుని అట్లే గడప మీద కూలబడ్డాడు.

సారుకు అర్థమయ్యేకి ఇంకాస్త సేపు పట్టింది. "నేనే చెడగొట్టినా కదరా," అన్నాడు. "నీ కాళ్లు అట్ల వణుకుతాంటే చూడలేకపోతిని. బడిలో మిమ్మల్ని గోడకు కూర్చోబెట్టి నేను బోర్డు దిక్కు తిరిగి లెక్క చేస్తాంటి. ఎప్పుడూ చూడలేదు నేను."

నేను ఫరవాలేదు సార్ అన్నాను గానీ నా గొంతు ఫరవాలేదన్నట్టు లేదు. సారు భార్య రాగి సంగటి, నంజుకునేకి చెనిక్కాయల ఊరుబిండి వడ్డించింది. కింద కూర్చోడానికి కాళ్లు వంగలేదు, నిలబడే తిన్నాను. సారు తినలేదు.

పది రోజులకు నాకొక కార్డు ముక్క వచ్చింది. అదే గుండ్రటి అక్షరాలు. ఆ దినం నుంచి తనకు మనసు మనసులో లేదనీ, ఇన్నేళ్లు పిల్లల్ని గోడకు కూర్చోబెట్టాననీ, దాంతో ఒక్కడు పైకి రాబోతే వాణ్ణీ తనే లేపేశాననీ రాశాడు. మళ్లీ రమ్మన్నాడు. ఈసారి నోరు తెరవనని కింద గీత కూడా గీశాడు. ఇప్పుడు చెప్పుకోవడానికి సిగ్గుగా ఉంది గానీ, ఆ కార్డు చదివి నాకు కొంచెం బాగానే అనిపించింది. ఆయన బాధపడుతున్నాడంటే మూడేళ్ల గోడకు ఏదో బదులు దొరికినట్టుంది. కార్డును చొక్కా జేబులో పెట్టుకుని తిరిగాను, జవాబు రాయలేదు.

మళ్లీ పోయే ముందు నిబంధనలన్నీ సరిగ్గా తెలుసుకుందామని, అప్పుడే హిందూపురంలో కొత్తగా పెట్టిన నెట్ సెంటర్‌కు పోయాం. అక్కడ పనిచేసే అమ్మాయి చాలాసేపు వెతికి, అదే ఫోటో తెర మీదికి తెచ్చింది. నిక్కరు, గోడ, అంకె, అన్నీ అవే. అంకె పక్కన ఉన్న మాట మాత్రం నిమిషాలు కాదు. గంటలు. నేను ఆ అమ్మాయిని ఇంకోసారి చదవమన్నాను. ఆమె ఇంకోసారి గంటలనే చదివింది. టైలర్ బయటికి పోయి రోడ్డు మీద నిలబడి నవ్వాడు, కళ్లు తుడుచుకుంటూ లోపలికి వచ్చి, నా ముఖం చూసి మళ్లీ బయటికి పోయాడు. చివరికి వాడే ధైర్యం చెప్పాడు. మనకిద్దరికీ తప్ప ఎవరికీ తెలీదబ్బా, ఇక్కడే పూడ్చేద్దాం అన్నాడు.

పూడ్చేద్దునే. జేబులో కార్డు లేకపోతే. నేను చెప్పకపోతే ఆ పెద్దాయన చచ్చేదాకా ఒక ప్రపంచ రికార్డు చెడగొట్టానని కుమిలిపోతాడు. చెబితే, లెక్కల్లో నేను ఎంతవాణ్ణో ఇంకోసారి రుజువవుతుంది. రెండు రాత్రులు అటూ ఇటూ పొర్లి, ఆదివారం ఒక్కణ్ణే రైలెక్కాను.

నేను మళ్లీ ప్రయత్నించడానికే వచ్చాననుకుని సారు గోడ పక్కనున్న సామాన్లు జరపబోయాడు. నెట్ సెంటర్‌లో ప్రింటు తీయించుకున్న ఆ వార్త కాగితం ఆయన చేతిలో పెట్టాను. గడప దగ్గర నిలబడి వెలుతురులో చదివాడు. వెనకనుంచి ఆయన భుజాలు కదలడం చూసి ఏడుస్తున్నాడేమోనని భయపడ్డాను. ఆయన ఇటు తిరిగాక చూస్తే, నవ్వు ఆపుకోలేక కళ్లద్దాలు తీసేశాడు.

"అంకె కరెక్టే రా," అన్నాడు. "యూనిట్లు తప్పు రాసినావు. సగం మార్కులేస్తా."

ఆయన నవ్వితే అంత బాగుంటాడని మూడేళ్లలో ఒక్కసారీ తెలీలేదు. ఆ దినం ఇద్దరం పక్కపక్కన కింద కూర్చుని తిన్నాం. తింటూ అడిగాడు, ప్రపంచ రికార్డుకు నిమిషం దూరంలో ఉండానని తిరిగినావు కదా ఇన్నాళ్లు, ఎట్లుండె అని. నేను ఆలోచించి, బాగుండె సార్ అన్నాను. ఆయన తలూపి నా ఆకులో ఇంకో ముద్ద వేశాడు.

సారు పోయి చాలా ఏళ్లయింది. ఇప్పుడు ఫోన్ తెరిస్తే రోజుకో రికార్డు. ఒళ్లు నేలకు తాకకుండా మోచేతుల మీద గంటలకొద్దీ ఉండేవాళ్లు, లెక్కలేనన్ని దండీలు తీసేవాళ్లు, వచ్చే ఏడు ఫలానాది బద్దలు కొడతామని ముందే చెప్పేవాళ్లు. చదివి అబ్బురపడి పక్కన పెట్టి, మోకాళ్లకు నూనె రాసుకుంటాను. అప్పుడప్పుడు హిందూపురం బజారులో రొమ్ము విరుచుకుని నడిచిన ఆ గుమాస్తా కుర్రాడు గుర్తొస్తాడు. మూడు నెలలు వాడు లోకంలో ఒక్కడికి తప్ప ఎవరికీ తీసిపోననుకుని నడిచాడు. మళ్లీ ఏ జీతమూ, ఏ ప్రమోషనూ నన్ను అట్లా నడిపించలేదు. ఇప్పుడు వాడే నాకు వీధిలో ఎదురొచ్చి, చెమట తుడుచుకుంటూ, ఇంక ఒక్క నిమిషమే సార్ అన్నాడనుకోండి. గంటలురా అబ్బాయ్ అని చెప్పడానికి నాకు నోరు రాదు. పక్కకు తప్పుకుని దారి ఇస్తాను.