కిరసనాయిలు నింద

దబీర్‌పురాలో రైలు పట్టాల పక్కన రేకుల షెడ్డు వేసుకుని పెంటయ్య డీజిల్ బండ్లు బాగుచేసేవాడు. పాతబస్తీలో ఏ లారీ మొండికేసినా డ్రైవర్లు నలుగురి దగ్గర నాలుగు మాటలు విని, చివరికి వచ్చి పడేది ఇతని దగ్గరికే. ఇంజన్ నడుస్తుండగా పొడుగాటి స్క్రూడ్రైవర్ మొనను నాజిల్ మీద ఆనించి, పిడిని కుడి చెవికి నొక్కి, కళ్లు మూసుకునేవాడు. సిలిండర్‌లోకి డీజిల్ చిమ్మే నాజిల్ లోపల టకటకమని కొట్టుకుంటే బాగున్నట్టు, మెత్తగా పలికితే రోగమున్నట్టు. ఇరవై ఆరేళ్లుగా అతని చెవి చెప్పిందే వేదం. మనిషి తన చెవిని తానే అంతగా నమ్మకూడదు, కానీ ఆ మాట పెంటయ్యతో అనే మగాడెవడు?

డెబ్భై ఆరో సంవత్సరంలో వానలు మొదలయ్యాక బాబురావు లారీ వచ్చింది. కంచన్‌బాగ్ వైపు కొత్తగా లేస్తున్న క్వార్టర్లకు ఇటుక తోలే పాత బండి. పదకొండేళ్లుగా దాన్ని నడుపుతున్నవాడు సీమోను. పొద్దున లేచేసరికి అది చచ్చినా స్టార్టయ్యేది కాదు. సెల్ఫ్ కొట్టీ కొట్టీ బ్యాటరీ నీరసపడేది, పొగ కూడా వచ్చేది కాదు. ఎలాగో ఒకసారి అందుకుందా, ఇక సాయంత్రం దాకా ఎన్నిసార్లు ఆపినా బుద్ధిగా లేచేది.

పెంటయ్య ఒక్కో నాజిల్‌నూ విన్నాడు. ఆరింటిలో ఒక్కటీ సరిగా పలకలేదు. ఎదురుగా చాయ్ హోటల్ ముందు బాబురావు, మరో పదిమంది డ్రైవర్లు నిలబడి ఉన్నారు. అందరూ వినేటట్టే తీర్పు చెప్పేశాడు.

"డీజిల్ పంపు అరిగిపోయింది సేఠ్. కిరసనాయిలు తాగిన బండి ఇది."

డీజిల్ అమ్ముకుని, తగ్గినంత మేరా ట్యాంకులో కిరసనాయిలు పోసే డ్రైవర్లు ఆ రోజుల్లో లేకపోలేదు. కిరసనాయిలుకు జిడ్డు ఉండదు కాబట్టి పంపు తొందరగా అరుగుతుంది. అందుకే ఆ ఒక్క మాటతో పదిమంది కళ్లూ సీమోను మీద పడ్డాయి.

"నేను పొయ్యలే సేఠ్. నా పిల్లల మీద ఒట్టు," అన్నాడు సీమోను.

"అయితే నా చెవు అబద్ధం చెప్తుందా?" అన్నాడు పెంటయ్య.

సీమోను ఏదో అనబోయి, పెంటయ్య మొహంలోకి చూసి ఊరుకున్నాడు. తప్పు చేశాడు కాబట్టే నోరు మూతపడిందని అందరూ అనుకున్నారు. బాబురావు అక్కడికక్కడే తాళంచెవి లాక్కున్నాడు. తర్వాత పెంటయ్య పంపు విప్పి చూస్తే లోపల అరుగుదల కనబడనే కనబడింది. ఇరవై ఏళ్ల పంపులో అరుగుదల కనబడక ఏం కనబడుతుంది? పంపుకు కొత్త సామాన్లు వేసి బిగించాడు. బండి కొన్నాళ్లు బాగానే లేచింది.

రెండు నెలల తర్వాత ఒక పొద్దున, కొత్త డ్రైవర్ కొండల్ ఆ లారీని నలుగురి చేత నెట్టించి స్టార్ట్ చేసి తీసుకొచ్చాడు.

"మల్ల గదే బీమారి అన్నా. పొద్దుగాల లేస్తలేదు."

పెంటయ్య స్క్రూడ్రైవర్ అందుకున్నాడు. మొదటి నాజిల్ మెత్తగా ఉంది. రెండోదీ అంతే. ఆరూ అంతే.

"నాజిళ్లు సచ్చినయి. ఒక్కటి గూడ కొడ్తలేదు," అన్నాడు.

"ఏదీ, నన్ను ఇననియ్యి." కొండల్ సరదాకి స్క్రూడ్రైవర్ తీసుకుని చెవికి పెట్టుకున్నాడు. "మంచిగనే కొడ్తున్నయి గదన్నా. టకటకమని నా చెవు పోతుంది."

పెంటయ్య నవ్వాడు. పిడిని మళ్లీ కుడి చెవికి నొక్కాడు. దూదిలో చుట్టినట్టు ఏదో గుయ్‌మంది, అంతే. ఎందుకు తోచిందో, ఎడమ చెవికి మార్చాడు. సుత్తితో కొట్టినట్టు నాజిల్ చప్పుడు తలలోకి దూరింది. ఉలిక్కిపడి స్క్రూడ్రైవర్ జారవిడిచాడు.

మళ్లీ తీసి కుడి చెవికి పెట్టాడు. లేదు. ఎడమ చెవికి పెట్టాడు. ఉంది. "నేనేమన్న చెవిటిదాన్నా, గంత మొత్తుకుంటవెందుకు?" అని ఇంట్లో భార్య పుష్పమ్మ రెండేళ్లుగా అంటూనే ఉంది. నువ్వే నోట్లో గొణుగుతున్నావని అతను ఆమెనే కసిరేవాడు. తన చెవి తనకు తెలియకుండా పోతుందా? పోయింది మరి.

"కొండల్, ఇంజన్ వేడి మీద ఆపితే మల్ల లేస్తుందా?"

"సెల్ఫ్ ముట్టుకుంటే లేస్తుంది. రాత్రంత నిలవడితేనే లొల్లి."

పెంటయ్య నెత్తి కొట్టుకున్నాడు. పంపు అరిగిన బండి వేడి మీద ఇంకా ఎక్కువ మొరాయించాలి. నిలబెట్టిన బండే లేవదంటే, పైపులోకి ఎక్కడో గాలి దూరి, డీజిల్ రాత్రంతా వెనక్కి ట్యాంకులోకి జారిపోతోందన్నమాట. నిన్నగాక మొన్న పనిలో చేరినవాడికైనా తెలిసే సంగతి. చెవి చెప్పిందన్న పొగరులో ఆ ఒక్క ప్రశ్న సీమోనును అడగనే లేదు.

ఇంజన్ ఆపించి, ఫిల్టర్ మీది బోల్టు వదులు చేసి, ట్యాంకులోంచి డీజిల్ లాగే చిన్న చేతిపంపు కొట్టాడు. డీజిల్‌తో పాటు తెల్లటి నురగ బుసబుసమని వచ్చింది. లారీ కిందికి దూరి పైపు పొడవునా వేళ్లతో తడిమాడు. ఛాసిస్ చట్రానికి రాసుకుని రాసుకుని ఒకచోట పైపు వెంట్రుకంత చీలింది. గాలి లోపలికి పోయేదే తప్ప, చుక్క బయటికి కారేది కాదు. అప్పట్లో పంపు బిగించేటప్పుడు పైపు కదిలి, చీలిక కొన్నాళ్లు మూసుకుపోయి ఉంటుంది. రెండు నెలల కిందటే చేతిపంపు కొట్టి చూసి ఉంటే చీలిక ఆ రోజే దొరికేది. పైపు ముక్క మార్చి, గాలి తీసేసి మళ్లీ కొడితే, నురగ లేకుండా ఒట్టి డీజిలే వచ్చింది.

కొండల్ సంతోషంగా ఏదో అన్నాడు. పెంటయ్యకు అదీ వినబడలేదు. మసిచేతులైనా కడుక్కోకుండా నడిచాడు.

సీమోనుకు ఏ ఓనరూ బండి ఇవ్వడం లేదని, లాడ్ బజార్‌లో గాజుల పెట్టెలు మోస్తున్నాడని అతనికి తెలుసు. దొంగకు తగిన శాస్తి అని తానే హోటల్లో అన్నాడు కూడా. పోయేసరికి సీమోను నెత్తిమీద పెట్టె దించుతున్నాడు. మనిషి సగమయ్యాడు.

"తప్పయింది తమ్మీ," అన్నాడు పెంటయ్య. "పైపుల గాలి. పంపు కాదు. నా కుడి చెవు పనిచేస్తలేదు. నాకు ఇయ్యాలనే తెలిసింది."

సీమోను తువ్వాలతో మెడ తుడుచుకున్నాడు. "నాకు నిరుడే తెల్సన్నా. నీ కుడిదిక్కు నిలవడి ఎన్ని సార్లు పిలిచినా పలకకపోతుంటివి."

"మరి గాదినం నలుగుర్ల ఎందుకు చెప్పలే?" అన్నాడు పెంటయ్య. " నీ మీద దొంగతనం పెడ్తుంటే?"

"చెప్తే ఎవరు నమ్ముతరు? దొంగ గట్లనే అంటడంటరు. ఒకవేళ నమ్మినా, నీ షెడ్డు బందయితది. పోయేది ఒక్కని పొట్టనే గద, ఇద్దరిది ఎందుకు పోవాలె?"

సొంత అన్నదమ్ములు కూడా ఇలా చెయ్యరే, నేను ఈ మనిషినా దొంగను చేసింది అనుకున్నాడు పెంటయ్య. వద్దంటున్నా వినకుండా సీమోను చెయ్యి పట్టుకుని దబీర్‌పురాకు నడిపించుకొచ్చాడు.

బాబురావు చాయ్ హోటల్ దగ్గరే ఉన్నాడు. సంగతంతా విని బిత్తరపోయాడు. తర్వాత పెంటయ్యను పక్కకు లాగి, ఎడమ చెవి దగ్గర మెల్లగా అన్నాడు.

"సీమోనుకు బండి ఇచ్చేస్త, ఫికర్ జెయ్యకు. నీ చెవు ముచ్చట మాత్రం ఈడనే పాతెయ్. బయటవడితే నీ షెడ్డుకు బండి రాదు."

పెంటయ్య చెయ్యి విడిపించుకున్నాడు.

"సీమోనును దొంగ అన్నప్పుడు నీ చెవుల చెప్పిన్నా సేఠ్? గిందరి ముంగట చెప్పిన."

హోటల్ ముందు బెంచీల మీద డ్రైవర్లు చాయ్ తాగుతున్నారు. పెంటయ్య వాళ్ల మధ్యకు వెళ్లి నిలబడ్డాడు.

"అందరు ఇనుండ్రి. నా కుడి చెవు పోయింది. సీమోను చుక్క కిరసనాయిలు పొయ్యలే. తప్పు నాది."

రెండు నెలల్లో ఒక్కసారి కూడా కంటతడి పెట్టని సీమోను, తువ్వాల మొహానికి అడ్డం పెట్టుకుని, అందరి ముందూ ఏడ్చాడు.