మా అన్నకు మార్కులు పడిన రోజు

నక్సలైట్ల కాలం నాటి మహాకావ్యం ఒకటి చెబుతాను. అందులో అడవి ఉంది, తుపాకులు ఉన్నాయి, కోర్టు ఉంది. కాకపోతే ఆ తుపాకులు మా ఇంటికొచ్చి పప్పన్నం తిని, చేతులు కడుక్కుని వెళ్లిపోయాయి. కావ్యం అక్కడితో అయిపోయింది. మిగిలింది, అన్నం వడ్డించిన మా అన్న మీద కేసు.

సిరిసిల్ల కోర్టులో నేరం రుజువైంది. ఇక జైలుకు పంపాలా, మంచి నడవడికకు పూచీ తీసుకుని ఇంటికి పంపాలా అన్నది తేలాలి. జడ్జి గారు ప్రొబేషన్ ఆఫీసరును నివేదిక అడిగారు. ఆయన జగిత్యాల నుంచి బస్సులో మా ఇంటికి వచ్చాడు. మంచివాడే, మా చాయ్ కూడా తాగాడు. విడిచిపెట్టినవాళ్లలో ఎలాంటివాళ్లు మళ్లీ నేరం చేశారో పాత కేసుల్లో చూసి, సొంతంగా ఒక మార్కుల పద్ధతి తయారుచేసుకున్నాడు. పెళ్లి కాకపోతే ఇన్ని, అడవి పక్క ఊళ్లో చుట్టాలుంటే ఇన్ని, పనిలో నిలకడ లేకపోతే ఇన్ని. ఎక్కువ మార్కులొస్తే మనిషి మళ్లీ అదే చేస్తాడని అర్థం.

బడిలో ఎన్నడూ రాని మార్కులు అన్నకు ఇక్కడ వరసగా పడ్డాయి. పెళ్లి కాలేదు. అడవి పక్కనే ఉన్న వీర్నపల్లిలో మేనత్త ఉంది.

"పని ఏడ జేస్తడు?" అన్నాడు ఆఫీసరు.

అన్న నోరు తెరిచేలోపే అమ్మ అందుకుంది. "అయ్యో సారూ, సిరిసిల్లల నా కొడుకు నడపని సాంచ లేదు! గీడ పని ఒడువంగనే గాడికెళ్లి పిలుపొస్తది."

సాంచ అంటే మరమగ్గం. ఒకచోట నూలు అయిపోతే కార్మికుడు ఇంకో సేటు దగ్గరికి పోతాడు. నలుగురు పిలిచేవాడే పనిమంతుడని మా పేటలో పేరు.

"ఎన్ని తావుల మారిండు?"

"లెక్కేడుంది సారూ!" అంది అమ్మ గర్వంగా.

నేను గట్టిగా దగ్గాను.

"తులసాకు నములురా," అంది నాతో.

"అమ్మా, గాయన సంబంధం చూడనీకి రాలేదే," అన్నాను. అప్పటికే పెన్ను కదిలింది.

ఆఖరికి ఆఫీసరు అన్ననే అడిగాడు. "వాళ్లు మళ్లొస్తే ఏం జేస్తవ్?"

అన్నకు అబద్ధం రాదు. "అన్నముంటే పెడ్త సార్. లేకుంటే వండాలె. తుపాకి పట్టుకున్నోనికి లేదంటే ఊకుంటడా?"

భయపడి పెట్టినవాడికి ఆ పద్ధతిలో వేరే గడి లేదు. ఆఫీసరు మార్కులన్నీ కూడి కాగితం మడిచాడు.

"నీ మీద కోపంతోని రాస్తలేను తమ్మీ. లెక్క గట్ల చెప్తున్నది," అన్నాడు.

అదే నాకు ఇప్పటికీ మింగుడుపడదు. మనిషికి కోపమొస్తే కాళ్లు పట్టుకోవచ్చు. లెక్కకు కాళ్లెక్కడివి?

జడ్జి గారు నివేదిక చదివి అన్నను జైలుకే పంపారు. వాడు నిజంగా మళ్లీ చేసేవాడా కాదా ఎవరికీ తెలియదు. ఇంటికి పంపి చూస్తే కదా తెలిసేది.

కోర్టు మెట్ల మీద అమ్మ అడిగింది. "పనిమంతుడని చెప్తే గూడ జైలేందిరా?"

నేను చెయ్యి పట్టుకుని ఆమెను మెట్లు దింపాను. కాసేపటికి తనే కళ్లు తుడుచుకుని, సాంచలకు సెలవు కాబట్టి ఆదివారం పోయి వాణ్ని చూసొద్దామంది.

ఆదివారం జైల్లో ములాఖాత్ ఉండదు.