కొత్తిమీర మీద నీళ్లు

నేను బిల్డింగులు గీస్తాను. ఇళ్లు కాదు. బస్ షెల్టర్లు, పంచాయతీ ఆఫీసులు, మార్కెట్లు, అంటే జనం వాడుకొని, ఉమ్మేసి పోయే కట్టడాలు. జగిత్యాలలో రెండో అంతస్తు మీద ఓ ఇరుకు గది నా ఆఫీసు. ఇన్నేళ్ల పనిలో నేను సంపాదించింది నడుము నొప్పి, కొంచెం నోటి దురుసు.

కోరుట్లలో కూరగాయల మార్కెట్ గీయాల్సి వచ్చినప్పుడు, వాడిన నీళ్లను మళ్లీ వాడదామన్న ఆలోచన మా అన్న ఫోన్ మాటల్లోంచి పుట్టింది. అన్న గల్ఫ్‌లో ట్యాంకర్ నడిపేవాడు. ఊరు వాడి వదిలిన నీళ్లను అక్కడ శుద్ధి చేస్తారు. వాటిని రోడ్ల మధ్య ఖర్జూరపు చెట్లకు పోయడం అన్న డ్యూటీ.

"గీడ పారబోసిన నీళ్లకు గూడ ఇజ్జత్ ఉన్నది తమ్మీ, మనకే లేదు" అని నవ్వేవాడు.

నేను గీసింది పెద్ద విద్యేమీ కాదు. కూరగాయలు కడిగిన నీళ్లు, చేతులు కడిగిన నీళ్లు ఒక కాలువలో పడతాయి. కంకర, ఇసుక పొరల్లోంచి దిగి వెనక ట్యాంకులో చేరతాయి. అక్కడినుంచి మరుగుదొడ్లలో పోయడానికి, నేల కడగడానికి పోతాయి. మరుగుదొడ్లలోంచి బయటికి పోయేది వేరే పైపు. ఈ రెండూ ఎక్కడా కలవవు. ఈ మాట తర్వాత ఎంతమందికి చెప్పానో, చెప్పీ చెప్పీ నాకే రోత పుట్టింది. మార్కెట్ తెరిచాక మోటారు, పొరలు చూసుకోవడానికి ఒక మనిషిని కాంట్రాక్టు మీద పెట్టుకుంటామని మున్సిపాలిటీ వాళ్లన్నారు. అన్నకు చెప్పాను.

గల్ఫ్ నుంచి వచ్చేవాళ్లు మా దగ్గర రెండు రకాలు. చుట్టీ మీద వచ్చినవాడు సెలవు అయిపోగానే తిరిగి అదే పనిలో చేరతాడు. క్యాన్సల్ అయి వచ్చినవాడు వీసా రద్దు చేసుకొని వస్తాడు. మళ్లీ పోవాలంటే ఏజెంటు, మెడికల్, అన్నీ మొదటినుంచీ మొదలు. చుట్టీ మీద వచ్చి పని చూసుకొమ్మని నేను చిలక్కి చెప్పినట్టు చెప్పాను. వింటే మా అన్న ఎందుకవుతాడు? క్యాన్సల్ అయి వచ్చేశాడు.

అందరికంటే సంబరపడింది అన్న బిడ్డ. నాలుగో తరగతి. "మా బాపు ఇగ పోడు" అని బడంతా చాటింపు వేసింది. పొద్దున దాన్ని బడి దగ్గర దింపి అన్న మార్కెట్‌కు పోయేవాడు. ఇంట్లో మగమనిషి చెప్పులు కనబడుతున్నాయని మా వదిన మురిసిపోయేది. అన్న ఇంటిపట్టున ఉంటే నాకూ ధైర్యంగా ఉండేది. ఆ మార్కెట్ నడిచినన్నాళ్లూ అన్న ఊళ్లో ఉంటాడు, మాకు అంతే కావాలి.

ఎండాకాలం వచ్చింది. నల్లా నీళ్లు రోజు విడిచి రోజు కూడా రావడం మానేశాయి. ఆకుకూరలు అమ్మేవాళ్లకు నీళ్లు లేకపోతే బేరం లేదు. పొద్దంతా చెంబులో చెయ్యి ముంచి కట్టల మీద చల్లుతూనే ఉంటారు. మాట్లాడుతూ చల్లుతారు, పోట్లాడుతూ చల్లుతారు. ఎప్పుడైనా వచ్చినప్పుడు వాడిన నీళ్లు మాత్రం వెనక ట్యాంకులో నిలిచి ఉండేవి. ఇక మార్కెట్లో నీళ్లున్న చోటు ఒక్కటే, వెనక గోడకు నేల కడగడానికి నేను పెట్టిన కుళాయి. దాన్ని తిప్పే పిడి అన్న జేబులో ఉండేది.

ముత్యంపేట నుంచి షేర్ ఆటోలో గంపతో వచ్చే ఒక ముసలమ్మ అన్నను అడిగింది.

"ఒక్క చెంబు పట్టుకోనియ్యి కొడుకా. తోటకూర సూడు, ఎట్ల వాడి పన్నదో."

"గవి తినేటియాటి మీద సల్లే నీళ్లు గావు అవ్వా. నేల కడగనీకె. చెట్లకైతె పోయొచ్చు."

"తోటకూర చెట్టు గాదా మరి?"

అన్న పిడి తీసిచ్చాడు. ఆమె వెనక కొత్తిమీర ఆమె, ఆమె వెనక పుదీన ఆమె వచ్చారు. ఎవరికి లేదంటాడు?

ఎవరో ఫోన్‌లో వీడియో తీసి, లెట్రిన్ నీళ్లు కొత్తిమీర మీద చల్లుతున్నారని పెట్టారు. మంచి మాట గడప దాటేలోపు చెడ్డమాట సముద్రం దాటింది. గల్ఫ్‌లో ఉన్న కోరుట్ల వాళ్లు అక్కడినుంచే పెళ్లాలకు ఫోన్లు చేసి, ఆ మార్కెట్లో కొనొద్దని చెప్పారు. జనం రావడం ఆగిపోయింది. గంపలన్నీ మళ్లీ రోడ్డు మీదికెక్కాయి.

డ్రాయింగులు చంకన పెట్టుకొని మున్సిపల్ ఆఫీసరు దగ్గరికి పోయాను. చేతులు కడిగిన నీళ్లే సార్, ఆ పైపు వేరు, ఈ పైపు వేరు అన్నాను. ఆయన ఓపిగ్గానే విన్నాడు.

"మీరు చెప్పేది నిజమే. మరి జనానికి ఎవరు చెప్తరు?" అన్నాడు.

మోటారు ఆపించారు. కుళాయి పీకించారు. మోటారే లేనప్పుడు మనిషెందుకని అన్నను రావద్దన్నారు.

నాకు ఒళ్లు మండిపోయింది. "తెలిసి తెలిసి పిడి ఎందుకిచ్చినవన్నా?" అన్నాను.

"గన్నేండ్లు ఎవరియో చెట్లకు పోసిన తమ్మీ. గీడ అవ్వ ముంగట కూర ఎండుతుంటె, పిడి జేబులేసుకొని సూసుకుంట కూసోవాల్నా?"

అయినా కోపం తగ్గలేదు, ఇప్పటికీ పూర్తిగా తగ్గలేదు.

ఆ తర్వాత గంభీరావుపేట నుంచి అదే మార్కెట్ ప్లాను అడిగారు. నీళ్ల లైను మాత్రం తీసేసి ఇమ్మన్నారు. తీసేసి ఇచ్చాను. వాదించే ఓపిక లేదు.

అన్న మళ్లీ ఏజెంటు చుట్టూ తిరిగి, మెడికల్ చేయించుకొని పోయాడు. పాత ట్యాంకర్ మీద అప్పటికే వేరేవాడున్నాడు. ఈసారి దొరికింది ఎండలో కట్టడం పని. పోయాక మొదటిసారి ఫోన్ చేసిన రోజు నేను అక్కడే ఉన్నాను. వదిన మాట్లాడింది, నేను మాట్లాడాను, తర్వాత స్పీకర్ పెట్టి ఫోన్ బిడ్డకిచ్చాం. ఎప్పుడొస్తవని ఏడుస్తుందేమోనని వదిన భయపడుతోంది. అది ఏడవలేదు.

"బాపూ, గీసారి క్యాన్సల్ అయి రాకు. చుట్టీ మీదనే రా" అంది.

"సరే బిడ్డా" అన్నాడు అన్న.