ఇంటికో సిక్సరు

పిడుగు బావకి ఉన్నది ఒకే ఒక్క జబ్బు. ఎదురుపడ్డ మనిషినల్లా ఆపి, "మీ నాన్న నా బౌలింగులో కొట్టిన సిక్సరు సంగతి నీకు తెలుసా?" అని మొదలుపెట్టడం. నాన్న కుదరకపోతే తాత, తాత కుదరకపోతే మేనమామ. ఆ ఇంట్లో ఎవరో ఒకరు ఆయన్ని చితక్కొట్టి ఉండాల్సిందే.

మామూలుగా ఆట మానేసినవాళ్ళ జ్ఞాపకాలు ఏటేటా ఒళ్ళు చేస్తాయి. తీసిన వికెట్లు పెరుగుతాయి, వేసిన బంతుల వేగం పెరుగుతుంది. ఈయనవి మాత్రం చిక్కిపోతూ వచ్చాయి. ఒకప్పుడు ఆయన పరుగెత్తుకొస్తుంటే బ్యాటు పట్టుకున్నవాడికి దేవుడు గుర్తొచ్చేవాడట. అందుకే ఊరు ఆయన్ని పిడుగు అంది. ఆయన నోట వింటే మాత్రం ఆ పిడుగు ఏనాడూ ఎవరి మీదా పడలేదు. ఊరందరూ వరసగా వచ్చి దాన్ని గ్రౌండు అవతలికి కొట్టిపోయారు.

ఈ జబ్బుతో అందరికన్నా ఎక్కువ నలిగిపోయినవాడు ఆయన బావమరిది, బజారు మలుపులో కొట్టున్న దర్జీ. అతను పుట్టు భయస్తుడు. గుడ్డని రెండుసార్లు కొలిచి, ఆపైన దేవుణ్ణి తలుచుకుని గానీ కత్తెర పెట్టడు. బావతో వీధిలోకి వెళితే చాలు, ఈయనకి ఇప్పుడు ఎవరి నాన్న గుర్తొస్తాడోనని చెమటలు పట్టేవి.

ఓసారి ఇద్దరూ సెలూన్‌కి వెళ్ళారు. అప్పుడే ఎదురుగా నిలువుటద్దాల సెలూన్ ఒకటి కొత్తగా వెలిసింది. ఈ పాత సెలూన్ ఆయన పొద్దుటి నుంచీ బేరం లేక కుర్చీలు తుడుచుకుంటూ కూర్చున్నాడు.

"మీ తాతది ఎడమచేతి వాటం కదూ?" అన్నాడు బావ, ముఖం నిండా నురగతో.

"అవునండి. మీకెలా తెలుసు?"

"తెలియకపోవడమేంటయ్యా. నా బంతిని తీసుకెళ్ళి నీళ్ళ ట్యాంకులో పడేశాడు. వారం రోజులు ఊళ్ళో కుళాయిలన్నీ తోలు వాసన."

కత్తి గాల్లోనే ఆగిపోయింది. సెలూన్ ఆయన వీధిలోకి పరుగెత్తి దారినపోయేవాళ్ళందర్నీ పిలుచుకొచ్చాడు. బావ సగం గడ్డంతో అదే కథ మళ్ళీ మళ్ళీ చెప్పాడు. వినడానికి వచ్చినవాళ్ళు ఊరికే నిలబడటం బాగుండదని తలా ఒక క్షవరం చేయించుకున్నారు.

ఇంకోసారి ఆస్పత్రిలో. అందరి ముందూ డాక్టరు చేత చీవాట్లు తిన్న నర్సమ్మ కళ్ళు తుడుచుకుంటూ సూది పట్టుకొచ్చింది. సూదికేసి చూడను కూడా లేదు. ఆ సూది బావకి వెయ్యాల్సింది. దర్జీ కళ్ళు మూసుకున్నాడు.

"మీ నాన్న కొట్టిన బంతి పోస్టాఫీసు కప్పు మీద పడిందమ్మా," అన్నాడు బావ తీరిగ్గా. "మర్నాడు బట్వాడాలో ఇంటికొచ్చింది."

నర్సమ్మ నవ్వింది. సూది ఎప్పుడు గుచ్చిందో ఆయనకీ తెలియలేదు, ఆవిడకీ తెలియలేదు.

అంతకన్నా ఘోరం టీకొట్టు దగ్గర జరిగింది. ఎక్కడినుంచో బదిలీ అయి వచ్చిన గుమాస్తా ఒకడు, ఊళ్ళో పలకరించే దిక్కులేక ఒంటరిగా టీ తాగుతున్నాడు. బావ వెళ్ళి పక్కన కూర్చున్నాడు.

"మీదే ఊరు బాబూ?"

గుమాస్తా చెప్పాడు.

"మీ ఊరి జట్టుతో ఆడాం. సన్నగా, పొడుగ్గా ఒకాయన..."

"మా నాన్న పొట్టిగా, లావుగా ఉండేవారండి."

"ఆయనే. నేను ఎంత దూరం నుంచి పరుగెత్తుకొచ్చేవాణ్ణనుకున్నావ్? అంత దూరానికి సన్నగానే కనబడ్డాడు."

దర్జీ గ్లాసు వెనక ముఖం దాచుకున్నాడు. ఇంటికి వస్తూ ఉండబట్టలేక అడిగాడు. "బావా, ఊళ్ళో సగంమంది నీ బంతుల్ని సిక్సర్లు కొట్టడమేంటి? నమ్మేలా అయినా ఉండాలి కదా."

"చాలాకాలం ఆడానురా," అన్నాడు బావ అమాయకంగా.

అన్నీ కోతలేనని దర్జీకి తెలుసు. ఒక్కటి తప్ప. ఆ ఒక్కటీ తన నాన్న కొట్టింది. నాన్న పోయి కొట్టు చేతికొచ్చిన కొత్తలో, మొదటి కోటే అడ్డదిడ్డంగా కోసి, ఇక ఈ పని తన వల్ల కాదని దర్జీ తలుపులు వేసుకోబోతున్న రోజది. బావ వచ్చి గుమ్మంలో నిలబడి, తలెత్తి పైనున్న రేకు బోర్డు చూపించాడు. "దానిమీద సొట్ట ఎలా పడిందో తెలుసా? మీ నాన్న గ్రౌండులోంచి కొడితే నా బంతి నేరుగా వచ్చి ఆయన బోర్డుకే తగిలింది. అలాంటివాడి కొడుకువి, కోటు పాడైందని కూర్చుంటావేంట్రా?" అన్నాడు. ఆ మర్నాటి నుంచీ దర్జీ కొలతలు తీసుకునే ముందు ప్రతి బేరానికీ ఆ సొట్ట చూపించేవాడు. అమ్మ మాత్రం, "అది సున్నాలు వేసేవాడి నిచ్చెన తగిలి పడిందిరా," అనేది. పాపం, అమ్మకి క్రికెట్ తెలియదు.

ఇలా ఉండగా ఊరి క్లబ్బులో పిల్లలకి ఆట నేర్పడానికి కోచ్ కావలసి వచ్చాడు. అక్క ఆ కబురు పట్టుకుని కొట్టుకి వచ్చింది. కూర్చోలేదు.

"మీ బావ రోజూ పొద్దున్నే లేచి బూట్లు తుడుచుకుంటాడురా. వెళ్ళేది ఎక్కడికీ లేదు. తుడిచి మళ్ళీ మంచం కింద పెట్టేస్తాడు. చూడలేకపోతున్నాను. ఆ గ్రౌండులోకి ఇంకొక్కసారి అడుగుపెడితే మనిషి నిలబడతాడు. రేపు క్లబ్బువాళ్ళు పిలిచి మాట్లాడతారట, ఆ ఒక్కపూట సిక్సర్ల గోల ఎత్తకుండా చూడు తమ్ముడూ."

దర్జీకి ఆ రాత్రి ముద్ద దిగలేదు. పోటీకి దిగింది సామాన్యుడు కాదు, సెంచరీల బాబాయి. తను ఎప్పుడో కొట్టిన సెంచరీని రోజూ నీళ్ళు పోసి పెంచుకుంటున్నవాడు. అతని పక్కన బావ వెళ్ళి, నన్ను ఊరంతా కొట్టిందంటే ఎవరిస్తారు ఉద్యోగం? తెల్లారి బావకి కొత్త చొక్కా తొడిగి గుండీలు పెడుతూ హితబోధ మొదలుపెట్టాడు.

"అడిగినదానికే జవాబు చెప్పు."

"సరే."

"ఎవరి నాన్న పేరూ ఎత్తకు."

"ఎత్తను."

"ప్రెసిడెంటుగారి నాన్నది అసలే ఎత్తకు. ఎత్తావంటే నీ పెదాలకి కాజా తీసి గుండీ కుట్టేస్తాను."

"ఒట్టురా బావమరిదీ," అన్నాడు బావ. ఒక్క క్షణం ఆగి, "అయినా ఆయనది మామూలు సిక్సరా?" అన్నాడు. దర్జీ వేలికి సూది గుచ్చుకుంది.

క్లబ్బు ప్రెసిడెంటు ఊళ్ళో పెద్ద బేకరీ యజమాని. ఒకే గంటలో రెండు పనులు కాకపోతే ఆయనకి తోచదు. అందుకని క్లబ్బు కోటుకి కొలతలు కూడా అప్పుడే తీసుకోమని దర్జీని పిలిచాడు. "నువ్వు కొలుస్తూ ఉండు, మేం అడుగుతూ ఉంటాం," అన్నాడు. ఆయన పక్కన బడి పెద్ద టీచరమ్మ, ఆవిడ పక్కన ముసలి అంపైరు. ఆయన తన కాలంలో ఊళ్ళో జరిగిన ప్రతి ఆటకీ ఎండలో నిలబడ్డ మనిషి. ఇప్పుడు భుజాలు పట్టేసి, టోపీ కూడా ఎవరో ఒకరు పెట్టాలి.

సెంచరీల బాబాయి అప్పుడే తన కథ ముగించి, ఛాతీ విరుచుకుని బయటికి వెళ్ళాడు. బావ వచ్చి కూర్చున్నాడు. దర్జీ టేపు పట్టుకుని ప్రెసిడెంటుగారి వెనక నిలబడ్డాడు.

"వికెట్లు బాగానే తీశారట కదా?" అంది టీచరమ్మ.

"ఏవో పడ్డాయండి. గాలికి పడ్డవి కొన్ని."

దర్జీ మనసులోనే తల కొట్టుకున్నాడు. అయినా ఇంతవరకూ ఎవరి నాన్నా రాలేదు. దేవుడున్నాడు. ప్రెసిడెంటుగారి ఛాతీ చుట్టూ టేపు తిప్పాడు. భుజాలు జారిపోయి ఉన్నాయి. "కాస్త నిటారుగా నిలబడండి," అన్నాడు.

"ఎక్కడ నిలబడనయ్యా," అని నిట్టూర్చాడు ప్రెసిడెంటు. "నాన్న చేత్తో కట్టుకున్న పొయ్యి. మిషన్లు వచ్చాయని ఇవాళ పొద్దున్న నేనే దగ్గరుండి కూలగొట్టించాను."

బావ పెదాలు కదిలాయి. దర్జీ ప్రెసిడెంటుగారి భుజం మీంచి కళ్ళతోనే దణ్ణం పెట్టాడు. వద్దు బావా. అక్క ముఖం చూసైనా వద్దు.

"ఆ రోజు మీ నాన్నగారు ఆ పొయ్యి దగ్గర్నుంచే వచ్చారండి," అన్నాడు బావ.

అయిపోయింది.

"జట్టులో ఒక మనిషి తక్కువైతే ఎవరో లాక్కొచ్చారు. చేతులకి పిండి అలాగే ఉంది. నేను బంతి వేశాను. పొగగొట్టం మీంచి పోయిందండి అది. బ్యాటు మీద ఆయన చేతి పిండి అచ్చులు తరవాత ఎన్నాళ్ళో ఉన్నాయి."

దర్జీ చేతిలో టేపు బిగుసుకుంది. ప్రెసిడెంటుగారి ఛాతీ పెరుగుతోంది. ఇందాకటి కొలత ఇక పనికిరాదని మళ్ళీ కొలిచాడు. "నిజమే," అన్నాడాయన. "నాన్న పోయిన రోజున కూడా మీరిదే చెప్పారు."

టీచరమ్మ కళ్ళజోడు సర్దుకుంది. "ఉండండి. మా పెదనాన్న కొట్టాడనీ మీరే చెప్పారు. మా అటెండరు తండ్రి కొట్టాడట. బేకరీ పెద్దాయనా కొట్టాడా? మరి మీరు అవుట్ చేసింది ఎవర్నండీ? ఇంతమంది కొట్టిన బౌలర్ని పిల్లలకి గురువుగా ఎలా పెట్టేది?"

బావ నేలచూపులు చూశాడు. మంచం కింది బూట్లు దర్జీ కళ్ళముందు మెదిలాయి. ఇక ఆగలేకపోయాడు. "అంపైరు గారూ, మీరున్నారు కదా అన్నిటికీ. నిజం మీరైనా..."

బావ చటుక్కున తలెత్తి బావమరిదివైపు చూశాడు. ఆ చూపుతో దర్జీకి మొదటిసారి అర్థమైంది, ఒకప్పుడు బ్యాటు పట్టుకున్నవాళ్ళకి దేవుడు ఎందుకు గుర్తొచ్చేవాడో. నోరు మూసుకున్నాడు.

ముసలి అంపైరు నెమ్మదిగా గొంతు సవరించుకున్నాడు. "ఈయన వికెట్లు తీయగలడో లేదో నా చూపుడువేలు చెబుతుంది. దాని సంగతి వదిలేయండి. ప్రెసిడెంటు గారూ, కళ్ళజోడు లేకపోతే మీ నాన్నగారికి ఎదురుగా ఉన్న మనిషి ఆనేవాడా?"

"ఆనేవాడు కాదండి."

"టీచరమ్మా, మీ పెదనాన్న ఎప్పుడైనా పరుగెత్తడం చూశారా?"

"ఆయన నడవడమే గొప్పండి."

"అలాంటివాళ్ళ చేత సిక్సర్లు కొట్టించాడు ఈయన. మన పిల్లలకి, నేనింత కొట్టానని చెప్పేవాడు కావాలా, వాళ్ళ చేత కొట్టించేవాడు కావాలా? మీరే ఆలోచించుకోండి."

ప్రెసిడెంటు ఎక్కువసేపు ఆలోచించలేదు. నిండుగా ఊపిరి పీల్చి, "రేపు పొద్దున్నే గ్రౌండుకి వచ్చేయండి," అన్నాడు. దర్జీ మూడోసారి ఛాతీ కొలిచాడు.

ఆ మాట అక్కకి చెప్పడానికి బావ పరుగులాంటి నడకతో వెళ్ళిపోయాడు. దర్జీ అంపైరుగారిని చెయ్యి పట్టుకుని బజారు దాకా నడిపించుకొచ్చాడు. కొట్టు ముందుకి వచ్చాక మెల్లగా అడిగాడు. "అంపైరు గారూ, నిజంగా బావని ఎంతమంది కొట్టారండీ?"

"సిక్సరిస్తే రెండు చేతులూ పైకెత్తాలి నాయనా. మీ బావ బౌలింగు వేస్తుంటే నా భుజాలకి ఎప్పుడూ సెలవే. అందుకేనేమో ఇలా పట్టేశాయి."

దర్జీ నవ్వాడు. బేరం లేని సెలూన్, నర్సమ్మ కళ్ళు, ఒంటరి టీ గ్లాసు ఒకదాని వెనక ఒకటి గుర్తొచ్చాయి. మంచి రోజున ఎవరి నాన్నా బావకి గుర్తొచ్చినట్టు లేదు. అంతలో అతని నవ్వు ఆగింది. తలుపులు వేసుకోబోయిన ఆ రోజు కూడా గుర్తొచ్చింది. తలెత్తి బోర్డు చూశాడు. సొట్ట, నిచ్చెన కొస తగిలితే ఎలా ఉంటుందో అచ్చం అలాగే ఉంది.

"మరి... మా నాన్నది?" అన్నాడు.

అంపైరు బోర్డువైపు చాలాసేపు చూశాడు. చేతికర్ర దర్జీకి ఇచ్చాడు. టోపీ తీయించుకున్నాడు. అబ్బా, అమ్మా అని మూలుగుతూ, బిగుసుకుపోయిన రెండు చేతుల్నీ కొద్దికొద్దిగా, తలపైకంటా ఎత్తి నిలబెట్టాడు. బజారంతా చూస్తుండగా కాసేపు అలాగే ఉన్నాడు.

"ఇక దించండి, నొప్పి చేస్తుంది," అన్నాడు దర్జీ.

ఆయన్ని ఇంటి దగ్గర దింపి వచ్చి కొట్లో కూర్చున్నాక, టేపు తీసుకుని తన ఛాతీ తానే కొలుచుకోబోయి, సిగ్గేసి మానేశాడు. చొక్కా మాత్రం పొద్దుటికన్నా బిగుతుగానే ఉంది.