వేలికంటే ముందే పలికిన హార్మోనియం

మా చర్చిలో హార్మోనియం ముందు ఇరవై ఏళ్లు అమ్మే కూర్చుంది. ఆమె పోయాక ఆ చోటు నాకు వచ్చింది. అమ్మ నేర్పే తీరు మొరటు. నేను తడబడితే తిట్టేది కాదు, పక్కనే కూర్చుని నా వేలికంటే ముందే తన వేలితో మెట్టు నొక్కేసేది. నాకు ఒళ్లు మండిపోయేది.

నిజామాబాద్‌లో కంప్యూటర్ పెట్టి పాటలు రికార్డు చేయడం అప్పుడప్పుడే మొదలైంది. క్రిస్మస్ పాటల క్యాసెట్ కోసం నెల రోజులు సాయంత్రంపూట కంఠేశ్వర్‌లోని ఒక స్టూడియోకు వెళ్లాను. అక్కడ కీబోర్డు మీద వేలు పడ్డాక స్వరం కంప్యూటర్‌లో ఒక క్షణం ఆగి హెడ్‌ఫోన్‌లోకి వచ్చేది. దూరంగా చేలో చెరకు కొడుతుంటే, కత్తి దిగాక కాసేపటికి చప్పుడు వినిపిస్తుందే, అట్లా. నేను కయ్యిమన్నాను. ఆడలేక మద్దెల ఓడంటోందని అనుకున్నాడేమో, రికార్డింగ్ చేసే తమ్ముడు నవ్వాడు.

“సెకండ్‌హ్యాండ్ మిషిన్ అక్కా, జర లేటిస్తది. నువ్వే ముందుగల్ల నొక్కు.”

నొక్కాను. వారం తిరిగేసరికి ఆ ఆలస్యం నాకు తెలియకుండానే పోయింది.

ఆ ఆదివారం చర్చిలో హార్మోనియం మీద చెయ్యి పెట్టాను. వేలు మెట్టును తాకకముందే స్వరం పలికింది. ఇంకో మెట్టు. అదీ అంతే. అమ్మ కూర్చునే వైపు చెయ్యంతా రోమాలు నిక్కబొడుచుకున్నాయి. భయంతో చేతులు వెనక్కి లాక్కున్నాను. పాట సగంలో ఆగిపోయింది.

“మల్లొక్కపారి గిట్లయితే వేరేటోళ్లను కూసోబెడ్త బిడ్డా,” అన్నారు పాస్టరుగారు.

స్టూడియో తమ్ముడికి చెప్పాను. అమ్మ సంగతి మాత్రం చెప్పలేదు.

“నీ చెవి లేటుకు అలవాటు పడ్డదక్కా. గిప్పుడు టైముకొచ్చినా ముందే వచ్చినట్టనిపిస్తది. వారం దినాలు ఇటు రాకు, అదే పోతది.”

అమ్మ చోటు నిలవాలంటే అమ్మను పంపేయాలన్నమాట. ఎంత ఏడ్చానో నాకే తెలుసు. వారమంతా అటు వెళ్లలేదు.

తర్వాతి ఆదివారం ప్రతి స్వరమూ నా వేలితోనే పలికింది. రెండో చరణంలో తడబడ్డాను, కావాలనే. వేలు గాలిలో నిలిపి, ఎడమ చేత్తో గాలి కొడుతూ ఆగాను. చర్చి మొత్తం నా వైపు చూసింది. పాస్టరుగారు కూడా చూశారు. ఏ మెట్టూ కదలలేదు.

చివరికి నేనే నొక్కాను.