పప్పులో వేసిన కోడిజుట్టు ఆకు

పాప పుట్టిన ఏడాది ధర్మవరంలో వానలు లేవు. వీధి కుళాయికి రెండు రోజులకొకసారి నీళ్లు. అయినా నాకు వాకిట్లో పూలు కావాలనిపించింది. మా ఆయన బెంగుళూరు నుంచి కోడిజుట్టు పూల విత్తనాలు తెచ్చారు. ప్యాకెట్ మీది బొమ్మలో పువ్వు ఎర్రటి ముఖమల్ గుడ్డను కుచ్చులు పెట్టినట్టుంది. పాపకు స్నానం చేయించిన నీళ్లే పోసి మెట్ల పక్కన మొక్కలు పెంచాను.

పాపకు అప్పుడు ఐదో నెల. నాకు అన్నిటికీ భయమే. తుమ్మితే భయం, ఎక్కువసేపు నిద్రపోతే భయం. సాయానికి మా అత్త యాడికి ఊరి దగ్గరి పల్లె నుంచి వచ్చింది. ఆమె కడిగిన గ్లాసును నేను మళ్లీ వేడినీళ్లతో కడిగేదాన్ని, ఆమె చూస్తుండగానే.

ఒక రోజు పాపను డాక్టరుకు చూపించి వచ్చేసరికి మొక్కలన్నిటికీ తలలు లేవు. స్టవ్వు మీద పప్పు ఉడుకుతోంది.

"గురుగాకు గదమ్మా," అంది అత్త సంబరంగా. "వానల్లేక చేన్లల్లో యాడా కనపడని ఆకు, మన వాకిట్లో ఇంత లేతగా ఉండాది. బిడ్డకు పాలిచ్చేదానివి, ఆకుకూర తింటే మంచిదని పప్పులో వేసినా."

"అది కూరాకు కాదత్తా, పూలమొక్క. విషమైతే? నా పాలు తాగి పాపకేమన్నా అయితే?"

"ఉప్పు చూసినా. ఇంగా నిలబడుకోనే ఉండా గదా."

నేను వినలేదు. గిన్నె తీసుకుపోయి కాలువలో పారబోశాను. పాప గురించి భయం నిజమే. కానీ గిన్నె వంచుతున్నప్పుడు నా చూపు ఆ మొండి కొమ్మల మీదే ఉంది.

రాత్రి మా ఆయన భోజనానికి కూర్చుని, పప్పు లేదా అని అడిగారు.

"మాడబెట్టినా నాయనా," అంది అత్త.

"మనవరాల్ని చూస్తా పొయ్యి మర్చిపోయింటావు. ముసలిదానివైనావమ్మా."

ఆమె కూడా నవ్వింది. నేను మజ్జిగ వడ్డించాను.

గిల్లిన చోట కొమ్మలేసి, దసరాకు మొక్కలు గుబురుగా పూశాయి. వీధిలో ఆడవాళ్లు ఆగి చూసి మెచ్చుకున్నారు. కొమ్మలు గిల్లిందెవరో నేను చెప్పలేదు.

నేను గిన్నె వంచిన రోజు నుంచి అత్త ప్రతిదానికీ నన్ను అడుగుతుంది. పెరట్లో కరివేపాకు రెబ్బ తుంచాలన్నా గడప దగ్గర నిలబడి, "ఇది తీసుకోవచ్చునా అమ్మా?" అంటుంది. ఈ సాయంత్రం కూడా అడిగింది. తీసుకో అత్తా అన్నాను. అడగొద్దని చెప్పాలంటే ఆ పప్పు మాట నేనే ఎత్తాలి. ఇంతవరకు ఎత్తలేకపోయాను.